జయరామన్ మరిచిన గ్రీజు

ఇడ్లీ పళ్లెం కనబడలేదంటే మంజు వంటింట్లో వెతకదు. నేరుగా పోయి పికప్పు బండి కింద చూస్తుంది. ఆమె మొగుడు ధనకోటి విప్పిన బోల్టులన్నీ పోసిపెట్టేది అందులోనే. గుంటకొకటి చొప్పున ఎంత కుదురుగా కూర్చుంటాయో చూడమని పైగా వాదన. పాలగిన్నె డీజిలుకు, కొబ్బరిపీచు టైర్లకు, మంజు మంచి తువ్వాలు అద్దాలకు. తిరువళ్లూరు మొత్తమ్మీద వంటసామాన్లతో బండిని సాకే మగవాడు తనకే దొరకాలా అని ఆమె ఇరుగమ్మకూ పొరుగమ్మకూ చెప్పుకుంటూ ఉంటుంది.

ఆయుధపూజకు ముందురోజు బండి వెనక యాక్సిల్ విప్పారు. ఏడాదికొకసారి తప్పని పని. ధనకోటి పూలమండికి పోయాడు. మెకానిక్ జయరామన్ ఒక్కడే వాకిట్లో కూర్చుని, చక్రాల బేరింగుల పని ముగించి, వాటిని ఇడ్లీ పళ్లెంలో పెట్టి లేచాడు.

"అమ్మా మంజూ, నా పని అయిపోయింది. రేపు నా షెడ్డులో పూజ, నేను రాలేను. ఇక్కడ పూజ కాంగానే ధనకోటిని బిగించుకోమను. బిగించేది వాడికి తెలుసులే."

పూజనాడు మంజు దేవుడి ముందు కత్తిపీట, కత్తెర, కుట్టుమిషను, కూతురు మోక్షిత సైకిలు అన్నీ వరసగా పెట్టింది. బేరింగులకు కూడా బొట్టు పడింది. ఇడ్లీ పళ్లెం మాత్రం వంటింటికి చేరింది. ధనకోటి బేరింగులు బిగించి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి, బూడిదగుమ్మడి కొట్టాడు. ఏ లోపమూ లేదు.

మరునాడు బంతిపూల మూటలేసుకుని తిరుత్తణికి బయల్దేరాడు. కొండ కనబడింది, చేతులెత్తి మొక్కేలోపలే వెనక నుంచి కీచుమని అరుపు. యాక్సిల్ విరిగింది. ఒక చక్రం బండిని దాటుకుని స్వామి దర్శనానికి ముందే పోయింది. బండి పక్కకు పడింది. ధనకోటి చెయ్యి విరిగింది.

విప్పి చూస్తే బేరింగులు నీలంగా మాడి ఉన్నాయి. రెండో పక్కవీ అంతే. గ్రీజు జాడ లేదు.

కట్టు కట్టించుకుని ధనకోటి నేరుగా జయరామన్ షెడ్డుకే పోయాడు. సంచి పట్టుకుని మంజు వెనకే నడిచింది.

"గ్రీజు పెట్టేది మరిచిపోతివే అన్నా! తళతళా మెరస్తా ఉంటే కొత్తవి ఏసినావనుకొని బిగించినా. యాడ చూస్తా పని చేసినావు? నన్ను పైకి పంపాలనుకొంటివా?"

షెడ్డులో ఉన్నవాళ్లంతా తిరిగి చూశారు. జయరామన్ తన చేతులకేసి చూసుకున్నాడు.

"పెట్టినట్టే ఉండాదే..." అన్నాడు. మళ్లీ తనే, "లేదేమో" అన్నాడు.

జయరామన్ తోడబుట్టిన అన్న కూడా ఇట్లాగే మొదట తాళంచెవులు మరిచాడు. తరువాత ఇంటిదారి. చివరికి కన్నబిడ్డల పేర్లు. మర్నాటి నుంచి జయరామన్ షెడ్డు తెరవలేదు.

మంజు జయరామన్ ఇంటికి ఒకనాడు పులిహోర పంపింది, ఇంకొకనాడు శనగ సుండలు.

"మొగుడి చెయ్యి విరగ్గొట్టినోడికి పులిహోరా? నాకేమో గంజా?" అన్నాడు ధనకోటి.

"ఆ అన్న షెడ్డు అమ్మేస్తాడంట. పోయి ఒక మాట చెప్పి రారాదా."

"ఏమని? నా చెయ్యి విరిగినందుకు తప్పయిపోయిందనా?"

"తప్పు చేసినోళ్లే చెప్పల్ల."

"అదే కదమ్మే నేను చెప్పేదీ! ఆయన్నే రమ్మను."

మంజు వాదన మధ్యలోనే వదిలేసి పొయ్యి దగ్గరికి పోయింది. ఆ ఇంట్లో అది చాలా అరుదు.

కొత్త యాక్సిల్ వచ్చింది. వేరే మెకానిక్‌ను పిలుస్తానన్నాడు ధనకోటి. జయరామన్ తప్ప ఇంకెవరూ ఈ బండి మీద చెయ్యి వేయకూడదని మంజు పట్టుపట్టింది. రెండురోజుల గంజి తరువాత ధనకోటి దారికొచ్చాడు. నలుగురిలో అరిచిన అరుపు అతన్ని కూడా లోపల తొలుస్తూనే ఉంది.

యాక్సిల్‌ను ఆటోలో వేసుకుని వాళ్లు షెడ్డుకు పోయేసరికి జయరామన్ స్పానర్లన్నీ గోతంలో వేస్తున్నాడు. యాక్సిల్ వైపు చూడనైనా చూడలేదు.

"వద్దు తమ్ముడా. ఈ చేతుల్ని నేనే నమ్మలేకుండా ఉండాను."

"పోనీ అన్నా, మనిషన్నాక మరుపు ఉండదా? అంతమంది ముందర అరిచింది నాదే తప్పు."

"నువ్వు అరిచింది సరిగానే అరిచినావు. ఒక పక్క మరిచుంటే పొరపాటు అనుకొందును. రెండు పక్కలా మరిచినా కదా. మా అన్న మాదిరే నా బుర్ర కూడా పోతా ఉండాది. ఇంకొకరి ప్రాణం మీదికి తెచ్చేలోగా మానుకొంటే మేలు."

గ్రీజు డబ్బా తీసి ధనకోటి మంచి చేతిలో పెట్టాడు. "నువ్వే ఉంచుకో. నాకింక దీంతో పని లేదు."

మంజు ఆ డబ్బా లాక్కుని, మళ్లీ జయరామన్ చేతిలోనే పెట్టి, మొగుడి వైపు చూడకుండా చెప్పింది:

"నీ బుర్రకేం కాలేదన్నా, నువ్వు అన్నిటికీ నిండా గ్రీజు పెట్టే పోయినావు, ఇడ్లీ పళ్లెం కడగతా, దాంట్లో ఉండేవాట్ని కూడా సబ్బుపొడేసి, వేన్నీళ్లు పోసి, జిడ్డంతా పొయ్యేదాకా తోమింది నేనే."