లాక్లన్ వాయించని పాట

"ఇంకేదైనా అడుగమ్మాయ్. అది మాత్రం వాయించను" అన్నాడు లాక్లన్, బ్యాగ్‌పైప్‌ను భుజం మీది నుంచి దించి వంటగది బల్ల మీద పెడుతూ.

హాల్లోవాళ్లకు మాటలు వినపడకుండా ఇష్బెల్ తలుపు దగ్గరికి వేసింది. అవతల రెండు బస్సుల జనం కూర్చుని ఉన్నారు. హాగిస్ అనే మాంసపు వంటకం వడ్డన అయింది, కత్తుల నాట్యమూ అయింది. ఇక మిగిలింది లాక్లన్ వాద్యమే. స్కాట్లండ్‌లోని ఈ ఇన్వర్నెస్‌లో యాత్రికులకు ఇలా భోజనంతో పాటు ఆటపాటలు చూపించే హోటళ్లు చాలానే ఉన్నాయి. వచ్చే వేసవిలో తన బస్సులను ఇష్బెల్ హోటలుకే పంపాలా, లేక వంతెన అవతల కొత్తగా వెలిసిన పెద్ద హోటలుకు పంపాలా అన్నది తేల్చుకోవడానికి యాత్రల కంపెనీ యజమాని ఈ సాయంత్రం స్వయంగా వచ్చి ముందు బల్ల దగ్గర కూర్చున్నాడు. అతను కోరింది ఒక్కటే. పాతకాలపు ఆ శోకగీతం వినాలట.

ఆ గీతాన్ని అక్కడివాళ్లు ఎవరైనా పోయినప్పుడే నలుగురిలో వాయిస్తారు. సాధన చేయాలన్నా గది తలుపులు మూసుకుంటారు. ఇష్బెల్‌కు ఆ సంగతి తెలియక కాదు. లాక్లన్‌కు ఆ విద్య నేర్పింది ఆమె తండ్రి డూగలే.

"పాట మనిషి కట్టిందే బాబాయ్, కట్టుబాటూ మనిషి పెట్టిందే. వాయించొద్దని దేవుడేమైనా దిగివచ్చి చెప్పాడా?"

"దేవుడి సంగతి నాకు తెలీదు. మీ నాన్న చెప్పాడు. నాకది చాలు."

బస్సులు రాకపోతే వచ్చే ఏడాదికి ఈ తలుపులు మూయాల్సిందేనని ఇష్బెల్ చెప్పింది. వంటవాళ్లు ఏమైపోతారని అడిగింది. లాక్లన్ పొయ్యి మీద కెటిల్ వైపు చూస్తూ అన్నీ విన్నాడు గాని మెత్తబడలేదు. చివరికి ఆమెకు కోపం వచ్చి, స్టేషను ముందు చిల్లర కోసం టోపీ నేల మీద పెట్టి వాయించే అతన్ని పిలిస్తే పరుగెత్తుకొస్తాడంది.

"వాడికి శ్రుతి చేసుకోవడమే రాదు."

"వినేవాళ్లకు మాత్రం వచ్చా ఏమిటి?"

ఎంత వద్దనుకున్నా ఇద్దరికీ నవ్వు వచ్చింది. ఆ నవ్వు పోకముందే ఇష్బెల్ అడిగేసింది.

"నాన్న సరేనంటే వాయిస్తావా?"

లాక్లన్ ఇంటికప్పు వైపు చూశాడు. డూగల్ గది పైనే ఉంది. మెట్లు దిగలేని ఆ ముసలాయన రోజూ మంచం మీద నుంచే వాద్యం విని, ఎక్కడెక్కడ తప్పు పోయిందో మర్నాడు పిలిచి మరీ తిడతాడు. ఇవాళ మధ్యాహ్నం ఉప్పు లేదని సూపు తిప్పి పంపించాడు.

"ఆయన ఊ అంటే వాయిస్తాను. కాని నేనే వెళ్లి అడుగుతాను. నువ్వడిగితే కూతురివని మొహమాటపడతాడు" అని లాక్లన్ టోపీ తీసి చేత్తో పట్టుకుని మెట్లెక్కాడు.

ఇష్బెల్ హాల్లోకి వెళ్లి, ఫిడేలు వాయించే ఆయనకు ఇంకో నాట్యపు బాణీ ఎత్తుకోమని సైగ చేసింది. కిటికీల్లోంచి వేసవి ఎండ ఇంకా పడుతూనే ఉంది. ఆమె గోడవారగా నిలబడి, ఎవరికీ కనపడకుండా కళ్లు మూసుకుంది. ఈ ఒక్క సాయంత్రానికి నాన్న పట్టు సడలేట్టు చెయ్యి తండ్రీ అని వేడుకుంది. దేవుణ్ణి ఇలాంటివి అడగవచ్చో లేదో ఆమెకు తెలియలేదు. అడిగాక మాత్రం కొంచెం సిగ్గేసింది.

లాక్లన్ దిగి వచ్చేసరికి చాలాసేపే పట్టింది. ఎవరి ముఖమూ చూడకుండా వంటగదిలోకి వెళ్లి వాద్యం తెచ్చుకుని, హాలు నడుమ నిలబడ్డాడు. ఇష్బెల్ ఏదో అనబోయేలోగానే తిత్తిలోకి గాలి నింపాడు.

తొలి స్వరానికే ఆమె ఆ గీతాన్ని గుర్తుపట్టింది. గుండెల మీది నుంచి బరువు దిగినట్టయింది.

అంతవరకు గలగలలాడిన హాలు సద్దుమణిగింది. ఆ పాట ఏమిటో, ఎప్పటిదో తెలియనివాళ్లు కూడా చేతిలోని ఫోర్కులు కింద పెట్టేశారు. లాక్లన్ అలా వాయించడం ఇష్బెల్ ఎన్నడూ వినలేదు. అతని చెంపల మీదుగా నీళ్లు కారుతున్నాయి. పంతం వదులుకోవాల్సి వచ్చిందని కుమిలిపోతున్నాడు పాపం అనుకుంది. రేపు తీరిగ్గా కూర్చోబెట్టి సముదాయించాలనుకుంది. ముందు బల్ల దగ్గర కంపెనీ యజమాని లేచి నిలబడ్డాడు. పాట ఆగాక ఆమె వైపు తిరిగి నిదానంగా తల ఊపాడు. ఆ తల ఊపడంలోనే వచ్చే వేసవి మొత్తం ఆమె చేతికి వచ్చేసింది.

చప్పట్లు మొదలయ్యేసరికి లాక్లన్ అక్కడ లేడు. ఇష్బెల్ వంటగదిలోకి పరుగున వెళ్లి అతని రెండు చేతులూ పట్టుకుంది.

"నీ రుణం తీర్చుకోలేను బాబాయ్. నాన్న ఇంత తేలిగ్గా దిగివస్తాడనుకోలేదు. ఏమన్నాడు? ముందు బాగా తిట్టే ఉంటాడులే."

లాక్లన్ స్టూలు లాగి ఆమెను కూర్చోబెట్టాడు. తనూ ఆమె ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు.

"ఏమీ అనలేదు తల్లీ" అన్నాడు. "కళ్లు నేనే మూసి వచ్చాను."