సోమవారం వచ్చే మనిషి

"మోషనై ఎన్ని రోజులైంది బాబూ?"

మందుల షాపు ముందు, నలుగురూ వినేలా ఎవరో ముసలాయన అలా అడిగేసరికి బస్సు డ్రైవరుకి ఒళ్లు మండింది.

"నీకెందుకయ్యా?"

"నీ చేతిలో ఆ మాత్రలు చూసి అడుగుతున్నా. చెప్పు."

దాచేదేముంది, డిపో అంతటికీ తెలిసిందే. డ్రైవరుది ఐబీఎస్ అనే పేగుల జబ్బు. స్టీరింగ్ పట్టుకుంటే చాలు, కడుపు మెలిపెట్టేది. నిండు బస్సుని నడిరోడ్డు మీద ఆపి పరుగెత్తేవాడు. ఇంకొక్కసారి ఆపితే ఇంటికి పంపేస్తానని మేనేజర్ తేల్చి చెప్పాడు. అప్పుడు డాక్టర్ ఈ మాత్రలు రాశాడు. అంతే, పేగులకి తాళం పడింది.

"నాలుగు రోజులు. మహారాజులా ఉన్నా!"

ముసలాయన మొహం పాలిపోయింది.

"నొప్పి?"

పొద్దుట్నుంచి ఎడమ పక్క పొడుస్తూనే ఉంది. పొడిస్తే పొడిచింది, బస్సయితే ఆపక్కర్లేదుగా.

"కాస్త ఉంది. అయితే ఏంటి?"

"అది నయం కావడం కాదు బాబూ, పేగు చచ్చిపోవడం. ఇంకొక్క మాత్ర వేసుకోకు. డాక్టర్ దగ్గరికి పరుగెత్తు!"

అంటూనే స్ట్రిప్ లాక్కుని మురిక్కాలవలోకి విసిరేశాడు.

తన ఉద్యోగమే కాలవలో పడినట్టయింది డ్రైవరుకి.

మొదటి గుద్దుకి ముసలాయన పెదవి చిట్లింది. రెండో దెబ్బకి పన్నూడి షాపు మెట్టు మీద పడింది. కూలబడినవాడు చేతులు మొహానికి కాకుండా పొట్టకి అడ్డం పెట్టుకున్నాడు.

"ఇక్కడొద్దు బాబూ! ఇక్కడ మాత్రం కొట్టకు!"

డ్రైవరు సరిగ్గా అక్కడే తన్నాడు. బూటుకాలితో, మూడుసార్లు.

చొక్కా కింద ఏదో పగిలింది. గుప్పున కంపు కొట్టింది.

"భయానికి పాడుచేసుకున్నాడ్రోయ్!" అని ఎవరో నవ్వారు.

డ్రైవరూ నవ్వాడు. కొత్త స్ట్రిప్ తీసుకుని డ్యూటీకెళ్లాడు.

మూడో రోజు స్టీరింగ్ మీదే కుప్పకూలాడు.

మెలకువ వచ్చేసరికి ఆస్పత్రి మంచం. పెద్దపేగు సగం కోసేశారట. పొట్ట మీద రంధ్రం, దానికి అతికించిన ప్లాస్టిక్ సంచి.

నర్సు సంచి మార్చబోతే కంపు గుప్పుమంది. తెలిసిన కంపు.

"దీంతో బస్సెలా నడిపేది సిస్టర్?"

"ఎందుకు నడపలేరు? ఓ పెద్దాయన ఈ సంచితోనే ఇరవై ఏళ్లు బస్సు నడిపాడు. ఇలాంటి మాత్రలతోనే ఆయనకీ పేగు పోయింది. రిటైరయ్యాక ప్రతి సోమవారం ఇక్కడికొచ్చి, మీలాంటివాళ్లకి సంచి పెట్టుకోవడం దగ్గరుండి నేర్పేవాడు."

డ్రైవరు రెండు చేతులూ జోడించాడు.

"రేపు సోమవారమేగా... ఒక్కసారి రమ్మనండి. కాళ్లు పట్టుకుంటా."

నర్సు సంచి అంచులు అదిమి అతికిస్తూ తల దించుకుంది.

"పక్క వార్డులోనే ఉండేవాడండీ, పొద్దున్నే చనిపోయాడు. ఎవడో పొట్టలో తన్నాడట. వాడెవడో చెప్పమని పోలీసులు ఎంత అడిగినా, 'పాపం, వాడి కడుపు బాధ నాకు తెలుసు, వదిలెయ్యండి' అన్నాడు గానీ, ఆనవాలు మాత్రం చెప్పలేదు."