కనపడని పూసలు

గర్భసంచి తీసేశాక చంద్రావతి మొదటిసారి డాక్టరు ముందు కూర్చుంది. పక్కన చెల్లెలు ఆమని. ఆమెది ఝపటాపూర్‌లో కిరాణా కొట్టు. వెనక చంద్రావతి భర్త వాసుదేవ్, నిమ్‌పురా రైల్వే షెడ్డులో ఫిట్టరు. భార్య రైల్వే మెడికల్ కార్డు అతని చేతిలో ఉంది.

డాక్టర్ సత్యవాణి రిపోర్టు తెరిచింది.

"గర్భసంచిలో ఉన్న గడ్డ లోపల కణాలు చచ్చిపోయి ఉన్నాయి. ల్యాబ్ వాళ్లు క్యాన్సరని అనుమానించారు."

వాసుదేవ్ కుర్చీ పట్టుకున్నాడు.

"కంగారు పడకండి. పాత రికార్డు తీయించాను. రెండేళ్ల క్రితం కోల్‌కతాలో ఈ గడ్డకి రక్తం ఆపేశారు కదా. రక్తనాళంలోకి సన్నటి పూసలు పంపి మూసేస్తారు. రక్తం అందక గడ్డ లోపల చచ్చిపోతుంది. ఆ మాటే ల్యాబ్‌కి చెప్పాను. ఒప్పుకున్నారు."

"ఆ వైద్యం జరక్కపోయుంటే?" చంద్రావతి అడిగింది.

"అప్పుడు వదిలేవాళ్లం కాదు. మళ్లీ పరీక్షలకి పంపేవాళ్లం."

"ఇప్పుడు పంపరా?"

"అక్కర్లేదు. పూసలు మాత్రం ఎక్కడా కనపడలేదని రాశారు. పరీక్షకి కోసిన ముక్కల్లోకి అవి వచ్చి ఉండవు." సత్యవాణి పెన్ను తీసింది. "అప్పట్లో రక్తస్రావం తగ్గిందా?"

చంద్రావతి చెల్లెలి వైపు చూసింది.

"తగ్గిపోనాది మేడమ్," ఆమని అంది. "మొదటి వారం నొప్పికి నిద్దర నేదు గానీ."

డాక్టరు నవ్వింది. "మీ ఒంటి సంగతి మీకంటే మీ చెల్లెలికే బాగా గుర్తుంది."

ముగ్గురిలో ఎవరూ నవ్వలేదు.

"మేడమ్, ఒక మాట..." చంద్రావతి మొదలుపెట్టింది.

"ఏటి నీ మాటలు? బయట జనం ఉన్నారు, పద." వాసుదేవ్ ఆమెను భుజం పట్టి లేపాడు.

వరండాలో ఆమని ఆగిపోయింది.

"సెప్పేద్దాం బావా."

"సెప్తే నా నౌకరీ పోద్ది. క్వార్టర్ ఖాళీ సెయ్యమంటారు. భయం నేదని మేడమే అన్నాది కదా."

చంద్రావతి వెనక్కి చూసింది. డాక్టరు అప్పటికే ఇంకో పేషెంటుని లోపలికి పిలిచింది.

రెండేళ్ల క్రితం ఆ కార్డు చూపించి, అక్క పేరు చెప్పి, కోల్‌కతాలో ఆ వైద్యం చేయించుకున్నది ఆమని.