ఆరొందల పన్నెండు అడుగులు

కాలవల శాఖ ఆఫీసులో నడక పోటీ మొదలైన నాలుగో రోజుకే డిస్పాచ్ గుమాస్తా కుర్చీలోంచి లేవకుండా నలభై ఎనిమిది వేల అడుగులు నడిచేశాడు.

సిబ్బంది ఆరోగ్యం బాగుపడాలని పైవాళ్లు పెట్టిన పోటీ అది. అడుగులు లెక్కపెట్టే పట్టీలు అందరి చేతులకూ తొడిగారు. నెల రోజులు నడవాలి. ఏ రోజు లెక్క ఆ రోజు కాగితం మీద రాసి, సంతకం పెట్టి, నోటీసు బోర్డుకు గుచ్చాలి. అందరికంటే ఎక్కువ నడిచినవాళ్లకు బహుమతి ఏమిటంటే, ఇకమీదట మెట్లెక్కే పని లేకుండా పెద్ద అధికారుల లిఫ్టులో వెళ్లే అనుమతి. ఆఫీసంతా ఎగబడింది.

గుమాస్తా గుట్టు బయటపెట్టినవాడు కొలబద్ద. అతని అసలు పేరు జీతాల పట్టీలో తప్ప ఎక్కడా మిగల్లేదు. గట్ల తనిఖీదారుగా పద్దెనిమిదేళ్ల సర్వీసు. అంగుళం తేడా వచ్చినా ఊరుకోడని తోటివాళ్లు ఆ పేరు పెట్టారు. వెక్కిరింతకే పెట్టారు గానీ, అతను మాత్రం లోలోపల మురిసిపోతాడు. అతని రిపోర్టులు కొత్తగా చేరినవాళ్లకు నమూనాగా చూపిస్తారు. ఏ గట్టుకు ఎన్ని ఎలుక బొరియలున్నాయో కూడా వదలడు. మనిషి కూడా అంత నీటు. ఆరేళ్ల కిందట కొన్న బూట్లు ఇప్పటికీ కొట్లోంచి తెచ్చినట్టే మెరుస్తుంటాయి. వస్తువును వాడుకోవడం తెలియాలయ్యా అని అందరికీ పాఠం చెబుతుంటాడు.

నెలాఖరుకు నిఘా అధికారి రిటైరవుతున్నాడు. తొమ్మిదేళ్లుగా కొలబద్ద కన్ను ఆ కుర్చీ మీదే. అందులో ఎవర్ని కూర్చోబెట్టాలో తేల్చేది పెద్ద ఇంజినీరు మేడమ్. తన నిజాయితీ ఆవిడ కంట పడితే చాలు, మిగతాది అదే జరిగిపోతుంది. లిఫ్టు ఎవరికి కావాలి?

అందుకే పోటీ పర్యవేక్షణ అడిగి మరీ నెత్తికెత్తుకున్నాడు. దొంగల్ని పట్టే పద్ధతీ తనే కనిపెట్టాడు. ఒక పక్క అడుగుల కాగితం, ఇంకో పక్క అదే మనిషి అదే రోజు ఏం పని చేశానని రాసుకున్నాడో ఆ కాగితం. రెండూ కలిపి చూడటమే. గుమాస్తా ఆ నాలుగు రోజులూ పొద్దస్తమానం కవర్లు అంటించానని రాశాడు. మరి ఇన్ని అడుగులు ఎక్కడివని నిలదీస్తే, పట్టీని ఫ్యాను రెక్కకు కట్టానని నీళ్లు నమిలాడు.

స్టోర్ కీపరు పట్టీ అతని కుక్క మెడలో దొరికింది. టైపిస్టు తన పట్టీని అత్తగారి ఊగుడు కుర్చీకి కట్టింది. అత్తగారు ఊగినంతసేపూ కోడలు నడిచింది. జీపు డ్రైవరైతే ఏమాత్రం సిగ్గుపడలేదు. రోడ్డు నిండా గతుకులు, తన చెయ్యి స్టీరింగు మీదుంది, అంకె దానంతటదే పెరిగితే తన తప్పేమిటని ఎదురు అడిగాడు.

"ఆడుకునే పోటీ సార్ ఇది. దీనికింత రాద్ధాంతం ఎందుకు?" అన్నాడు.

"అడుగుల్లో అబద్ధమాడేవాడు ఫైల్లో ఆడడని ఏమిటయ్యా నమ్మకం?" అన్నాడు కొలబద్ద, అతని పేరు మీద ఎర్రగీత కొడుతూ. పక్క గదిలో మేడమ్‌కు వినపడేంత గట్టిగానే అన్నాడు.

కొలబద్ద లెక్క మాత్రం ఎప్పుడూ బోర్డులో అట్టడుగునే. అందరూ చాటుగా నవ్వుకున్నారు. అతను చలించలేదు. స్నానానికి కూడా పట్టీ తియ్యనని, తన చేతి మీదున్నది ఉన్నదున్నట్టు రాస్తానని ఛాతీ విరుచుకుని చెప్పుకున్నాడు.

రెండో గురువారం మధ్యాహ్నం ఇంట్లో భోజనం ముగించి, పడక కుర్చీలో వాలి, ఒళ్లో అట్ట పెట్టుకుని ఆఫీసు కాగితాలు రాసుకుంటున్నాడు. భార్య కూరగాయల సంచి పట్టుకుని గుమ్మం దగ్గర ఆగింది.

"ఆ పట్టీ ఇలా ఇవ్వండి. మార్కెట్‌కి వెళ్లొచ్చేలోపు నాలుగు వేలైనా పడతాయి. అందరిలో ఆఖరంటే నాకే తలవంపులుగా ఉంది."

కొలబద్దకు ఒళ్లు మండింది.

"నేను వెయ్యని అడుగు నా పేరు మీద పడకూడదు," అన్నాడు.

ఆవిడ మూతి తిప్పుకుని వెళ్లిపోయింది. పొద్దుగూకాక చూసుకుంటే ఆరొందల పన్నెండు. ఆ అంకెనే గుండ్రంగా రాసి, కింద నిండు సంతకం పెట్టాడు. తన మీద తనకే గౌరవం కలిగింది.

నెలాఖరు రానే వచ్చింది. అందర్నీ మీటింగు హాల్లో కూర్చోబెట్టారు. లిఫ్టు అనుమతి ఎవరికీ ఇవ్వడం లేదని, గీత పడని పేరు ఒక్కటే మిగిలిందని మేడమ్ చెప్పింది.

"ఈ నెలంతా ఈ ఆఫీసులో నేను కళ్లు మూసుకుని నమ్మగలిగిన లెక్క ఒక్కరిదే," అంటూ కొలబద్ద వైపు చూసింది.

హాలంతా చప్పట్లు కొట్టింది. డ్రైవరు కూడా కొట్టక తప్పలేదు. కొలబద్ద లేచి చేతులు జోడించాడు. నిఘా అధికారి కుర్చీ కళ్ల ముందు కదిలింది. దానికి కొత్త దిండు వేయించాలని కూడా అనుకున్నాడు.

అతని పద్ధతి తనకు ఎంతో నచ్చిందని, నిన్న సాయంత్రం తానూ ఒకసారి ప్రయత్నించి చూశానని మేడమ్ అంది. ఫైల్లోంచి రెండు కాగితాలు తీసి బల్ల మీద పక్కపక్కన పెట్టింది.

"రండి, ఇవి మీరే చదివి వినిపించండి."

కొలబద్ద మెరిసే బూట్లతో ముందుకు నడిచి, కళ్లజోడు సర్దుకుని, చిరునవ్వుతో వంగి చూశాడు.

ఎడమ కాగితం మీద రెండో గురువారం, ఆరొందల పన్నెండు అడుగులు, కింద అతని నిండు సంతకం, కుడి కాగితం మీద అదే గురువారం, అదే నిండు సంతకం, పైన అవే గుండ్రటి అక్షరాల్లో: "ఈ రోజు పద్నాలుగు కిలోమీటర్ల కాలవ గట్టును ఈ కొస నుంచి ఆ కొస దాకా స్వయంగా నడిచి తనిఖీ చేశాను."