చింతగింజల డబ్బా

"నూరా? ఆళ్లకు నూరెట్లయినయ్? మనకు ఎనభై ఆరే గద!"

భిక్షపతి చాయ్ గ్లాసును బల్ల మీద ఠక్కున పెట్టాడు. తెలంగాణ కోసం ఊళ్లో నడుస్తున్న రిలే నిరాహార దీక్షా శిబిరానికి ఆయనే కన్వీనరు. దంతాలపల్లి శిబిరం ఇవాళ నూరో రోజు జరుపుకుంటోందని, జేఏసీ పెద్దలు సాయంత్రం అక్కడికే వస్తున్నారని అప్పుడే ఫోనొచ్చింది.

ముందుగా నూరు రోజులు నిండిన ఊళ్లోనే పెద్దల సభ అని జేఏసీ మాటిచ్చింది. ఆ సభలో చదవాల్సిన ఉపన్యాసం భిక్షపతి నెల కిందటే రాసుకున్నాడు. ఎడ్ల ముందు రెండుసార్లు చదివి కూడా చూసుకున్నాడు. అవి అభ్యంతరం చెప్పలేదు.

"అవ్వా, మన లెక్కల తప్పేం లేదు గద?"

గుడారం మూలన చాప మీద కూర్చున్న మనోరమ అవ్వ బైబిలు మూసి, అద్దాల మీదుగా చూసింది. ఎనభై ఎనిమిదేళ్ల మనిషి. ముప్ఫై ఏళ్లకే భర్త పోతే నాగలి తానే పట్టి, రెండెకరాల మిరపచేను మీద ముగ్గురు పిల్లల్ని సాకింది. ఇప్పటికీ పొద్దున్నే చేను చుట్టి వచ్చాకే దీక్షలో కూర్చుంటుంది. ఆదివారం మాత్రం ఆ చాప మీద వేరేవాళ్లు కూర్చోవాల్సిందే. ఆ రోజు లూథరన్ గుడిలో ముందు వరుస ఆమెది. రాష్ట్రం కాదు, రాజ్యమిస్తామన్నా అక్కడి నుంచి లేవదు.

"నా గింజ ఎన్నడన్న తప్పిందా కొడుకా?" అంటూ అవ్వ పాత బిస్కెట్ల డబ్బాను గలగలలాడించింది.

తప్పలేదు. అందుకు ఊరంతా సాక్ష్యం. పన్నెండేళ్ల పిల్లగా ఉన్నప్పటి నుంచి ఈస్టర్‌కు ముందొచ్చే శ్రమల దినాల ఉపవాసాలకు చింతగింజలే ఆమె లెక్క. భస్మ బుధవారం నాడు మొదటి గింజ డబ్బాలో పడుతుంది. నలభయ్యో గింజ పడ్డ మర్నాడు ఈస్టర్. ఒక ఏడు కొత్త పాస్టరు తేదీ తప్పు చెబితే, అవ్వ ఆయన ముందు గింజలు కుమ్మరించింది. చివరికి ఆమె లెక్కే నిజమైంది. అందుకే దీక్ష మొదలైన నాడు రోజుల లెక్క ఆమెకే అప్పజెప్పారు. ఆమె చెప్పిన అంకెను భిక్షపతి బోర్డు మీద రాస్తాడు. ఆదివారాలు ఆయన జేఏసీ మీటింగులకు పోతాడు కాబట్టి బోర్డు జోలికి వెళ్లడు.

"అయితే దంతాలపల్లి ప్రేమ్‌సింగే పద్నాలుగు రోజులు ఎక్కువ కలిపిండు! నడువవ్వా, ఆడనే తేల్చుకుందం."

అవ్వను, డబ్బాను, ఉపన్యాసాన్ని ఆటోలో వేసుకుని దంతాలపల్లి చేరాడు. అక్కడి కన్వీనరు ప్రేమ్‌సింగ్ నిదానస్తుడు. నూరో రోజు బ్యానరు కింద పూలదండలు సర్దుతున్నాడు.

"ప్రేమ్‌సింగన్నా, మనం రెండూర్లోళ్లం ఒకటే సోమారం కూసున్నమా, లేదా?"

"ఒకటే సోమారం. అబద్ధమెందుకు?"

"మరి మాకు ఎనభై ఆరైతే మీకు నూరెట్లయినయ్? పద్నాలుగు రోజులు యాడికెళ్లి తెచ్చినవ్?"

ప్రేమ్‌సింగ్ నోటుబుక్కు తెరిచాడు. సంతకాలున్నాయి, తేదీలు లేవు. క్యాలెండరు చూద్దామని ఎవరో అన్నారు. కానీ ఆ సోమవారం ఏ తారీఖో ఇద్దరికీ గుర్తు లేదు. పైగా అది పోయిన ఏటి క్యాలెండరు, పిల్లల పుస్తకాలకు ఎప్పుడో అట్టలైపోయింది.

భిక్షపతి మైకు అందుకున్నాడు.

"నా లెక్క తప్పయితే గీ మీసం సగం తీసి మీ బస్టాండ్ల తిరుగుత!"

జనం ఈలలు వేశారు. ప్రేమ్‌సింగ్ అవ్వ వైపు తిరిగాడు.

"అవ్వా, నువ్వు అబద్ధమాడవని అందరికీ ఎరుకే. బైబిల్ మీద ఒట్టేసి చెప్పు, ఒప్పుకుంట."

"ఒట్టు పెట్టుకోవద్దన్నడు యేసయ్య. గింజలున్నయ్ గద, లెక్కవెట్టుకో బిడ్డా."

చాప మీద గింజలు పోశారు. రెండుసార్లు లెక్కపెట్టారు. రెండుసార్లూ ఎనభై ఆరే. ప్రేమ్‌సింగ్ ముఖం చిన్నబోయింది. ఎవరో దొంగ సంతకాలు పెట్టారని తనవాళ్లనే తిట్టుకుంటూ బ్యానరు తానే విప్పాడు. పెద్దలకు ఫోన్ చేసి, పద్నాలుగు రోజులాగి రమ్మని, అదీ భిక్షపతి వాళ్ల ఊళ్లోకే రమ్మని చెప్పాడు. భిక్షపతి ఆ దండల్లో ఒకటి తీసి తన మెడలోనే వేసుకున్నాడు.

తిరుగు దారిలో ఆయన ఆనందం ఆటోలో పట్టలేదు.

"చూసినవా అవ్వా, ఆని మొఖం?"

"పాపం, మంచోని లెక్కనే ఉన్నడు బిడ్డా. మన ముంగట నాలుక్కరుసుకున్నడు."

"మంచోడే, లెక్కనే మంచిది గాదు. ఇయ్యాల మంగళారం. అచ్చే మంగళారం ఇడిసి, ఆ పై మంగళారం మనకు నూరు నిండుతది. నువ్వే రిబ్బన్ కోయాలె."

అవ్వ వేళ్లు మడుస్తూ పెదవులు కదిపింది.

"మంగళారం నిండదు కొడుకా. గురువారం నిండుతది."

"పద్నాలుగు రోజులంటే రెండు వారాలే గదనే!" భిక్షపతి నవ్వుతూ మీసం దువ్వుకున్నాడు.

"నడుమల రెండు ఆదివారాలు రావా?"

"అస్తే ఏమైతది?"

అవ్వ డబ్బా మూత బిగించి, ఇంత చిన్న సంగతి కూడా తెలియదా అన్నట్టు ఆయన్ను జాలిగా చూసింది.

"ఆదివారం ఉపాసముండదు, గింజెట్లేస్త బిడ్డా?"