గొట్టంలో చెమ్మ

పెన్సిల్వేనియా కొండల్లో మంచూ వానా కలిసి కురుస్తున్నాయి. ఇర్విన్ తాత జింకకు గురిపెట్టి తన పాతకాలపు తుపాకీ ట్రిగ్గర్ నొక్కాడు. చెకుముకిరాయి నిప్పులు రాల్చింది, పైన పళ్లెంలో మందు భగ్గుమంది. గొట్టంలోది మాత్రం పేలలేదు.

"తోక ఊపి మరీ పోయింది చూడు, దొంగది!" అన్నాడు జింకను చూస్తూ. తర్వాత అంతదాకా తుపాకీకి కప్పి ఉంచిన తోలు తొడుగు తడిమాడు. లోపలివైపు పొడిగానే ఉంది.

"వానకి తడిసిందేమోలే తాతా," అన్నాను.

"వానని అంటావేంట్రా? యాభై ఏళ్లుగా ఇంతకన్నా పెద్ద వానల్లో పేల్చాను. అసలు గొట్టంలో మందు పొయ్యడమే మరిచానేమో. మీ నాయనమ్మకీ మతిమరుపు ఇలాగే మొదలైంది."

తుపాకీని, బండి తాళాలను నా చేతిలో పెట్టాడు.

"ఇక నేను నడపనురా. ఎవరినైనా గుద్దేస్తాను."

వేటాడేవాళ్లంతా హంతకులేనని మొన్నొక కరపత్రంలో చదివి, వేట మీద కోపంతో ఊగిపోయాను. నిన్న సాయంత్రం, తాత మందు కూరి చలి వరండాలో ఉంచిన ఆ తుపాకీని, ఆయనకి తెలియకుండా గంటసేపు పొయ్యి పక్కన నిలబెట్టాను. చల్లటి గొట్టానికి వేడి తగిలితే లోపల చెమ్మ పట్టి మందు పాడవుతుందని నాకు నేర్పింది తాతే.

తాళాలు జేబులో వేసుకున్నాను.