అవతలి మనిషి

దబ్బనం ఉన్నంతకాలం తన కొట్టు బాగుపడదని పరుపుల కొట్టు యజమానికి ఆ పొద్దున రూఢి అయిపోయింది.

లాడ్జి మేనేజరు పరుపు మీద చెయ్యి వేసి నొక్కి, "మెత్తగా ఉందే! గదులన్నిటికీ ఇవే వేయించేద్దాం" అన్నాడో లేదో, మూలన కూర్చుని కుడుతున్న దబ్బనం లేచొచ్చాడు. అంచు పట్టుకుని పర్రున కుట్టు విప్పేశాడు.

"పైపైన కొత్త దూదండీ. లోపల పాత పరుపుల చెత్త కుక్కించారు. చూసి తీసుకోండి."

మేనేజరు చూశాడు. తీసుకోలేదు.

అతను మెట్లు దిగగానే యజమాని విరుచుకుపడ్డాడు.

"నీదేం పోయింది ముసలోడా?"

"కొట్టు పేరు పోతుంది బాబూ."

"కొట్టు నాది. పేరు మా నాన్నది. మధ్యలో నీ పౌరుషమేంటి?"

దబ్బనం సూదిలో దారం ఎక్కించుకుని మళ్ళీ మూలకి పోయి కూర్చున్నాడు.

సన్నగా, పొడుగ్గా ఉంటాడు కనక దబ్బనం. అసలు పేరు వీధిలో ఎవరికీ తెలియదు. పరుపులు కుట్టే షెడ్లలో అసలు పేర్లతో పిలుచుకునే అలవాటే లేదు. పొట్టోడు, పొగగొట్టం, దబ్బనం, అంతే. యజమాని తండ్రి కూడా బతికున్నన్నాళ్ళూ అలాగే పిలిచేవాడు.

ఒక్కటి మాత్రం అందరికీ తెలుసు. అతని దగ్గర పౌరసత్వపు కార్డు లేదు. కార్డు లేదంటే వంతెన అవతలి దేశం నుంచి దొంగతనంగా వచ్చినవాడే.

అలాంటి వాళ్ళందర్నీ వంతెన దాటించేస్తామని ప్రభుత్వం ఆ వారమే చాటించింది.

"ఎప్పుడో వచ్చినోళ్ళు. ఇక్కడే జుట్టు నెరిసిపోయింది. ఓ కార్డు వాళ్ళ మొహాన పడేస్తే పోయేదానికి, ఈ తరమడాలెందుకు?" అన్నాడు పక్కనున్న కటింగ్ షాపు ఆయన.

"దొడ్డిదారిన వచ్చినోడికి కార్డిస్తే, లైన్లో నిలబడ్డోడు వెర్రోడా?" అన్నాడు యజమాని.

"ఇన్నేళ్ళూ వాడు కుట్టిన పరుపుల మీద గుర్రు పెట్టి నిద్రపోయాం కదయ్యా! వాడికి చాప పరుచుకునే చోటు లేదా?"

"అంత జాలుంటే మీ ఇంట్లో పరిపించు."

యజమాని చెప్పులేసుకుని తిన్నగా కార్డుల ఆఫీసుకే పోయాడు. అమ్మ ఊళ్ళో లేదు. చెల్లెలి పురుడుకి వెళ్ళింది. ఉంటే కాళ్ళకి అడ్డం పడేది. ఆ ముసలాణ్ణి అన్నయ్యా అనందే పిలవదు.

మర్నాడే అధికారి వచ్చాడు, వెనక ఇద్దరు పోలీసులు.

"కార్డుందా?"

"లేదండి."

"అవతల ఏ ఊరు?"

"అవతల కాదండి. ఇక్కడే పుట్టాను."

అధికారి నవ్వాడు. "మేం వచ్చామంటే చాలు, అందరూ ఇక్కడే పుట్టేస్తారు. అసలు పేరు చెప్పు."

దబ్బనం నోరు తెరిచాడు. గుమ్మంలో నిలబడ్డ యజమానిని చూసి మూసేశాడు.

"దబ్బనమేనండి."

"అమ్మానాన్నలు పెట్టిన పేరయ్యా!"

"అది వాడటం మానేసి చాలా కాలమైందండి."

అధికారి విసుగ్గా యజమాని వైపు తిరిగాడు. "మీరు చెప్పండి. ఇక్కడివాడేనా?"

"అవతలివాడేనండి. మా నాన్న జాలిపడి చేరదీశాడు."

ఆ మాటకి సూది ఒక్క క్షణం ఆగింది. మళ్ళీ కదిలింది.

"లే," అని పోలీసు భుజం పట్టుకోబోతే దబ్బనం విదిలించుకున్నాడు.

"ఈ అంచు అయిపోవచ్చింది. కుట్టేసి వస్తాను."

కుట్టాడు. చివరి ముడి వేసి, దారం పళ్ళతో కొరికి, అప్పుడు లేచాడు.

వ్యాను ఎక్కేముందు యజమాని దగ్గర ఆగాడు.

"అమ్మ వచ్చాక నా గురించి ఎక్కడికీ వెళ్ళొద్దని చెప్పు బాబూ. గట్టిగా చెప్పు."

అమ్మ తిరిగొచ్చేసరికి, పట్టుకెళ్ళినవాళ్ళని వంతెన అవతల దింపేసిన వ్యాన్లు కూడా వెనక్కొచ్చేశాయి.

"అన్నయ్య ఏడిరా?" సంచి ఇంకా భుజం మీదే ఉంది.

"వంతెన దాటించేశారు."

"ఎవరు చెప్పారు వాళ్ళకి?"

"నేనే చెప్పాను. ఊరుకుంటే కొట్టు మూయించేలా ఉన్నాడు. అయినా ఉరేం తీయలేదుగా, సొంత దేశానికి పంపారు. చట్టం అది."

అమ్మ సంచి అక్కడే పడేసి వెనక్కి తిరిగింది.

"పద ఆఫీసుకి."

"వెళ్ళొద్దని తనే గట్టిగా చెప్పి వెళ్ళాడు. కార్డు లేనోడి కోసం ఏం మాట్లాడతావమ్మా?"

"షెడ్డు మీద పోలీసులు పడ్డ రోజు దాకా ఉండేదిరా కార్డు! అప్పట్లో వాటి మీద ఫొటోలు లేవు. కార్డు లేని మీ నాన్న గడగడలాడిపోతున్నాడు. నువ్వు నా చంకలో ఉన్నావు. అన్నయ్య తన కార్డు తీసి మీ నాన్న జేబులో కుక్కి, 'ఈ పేరు పిలిస్తే నువ్వు పలుకు. నాకేం, నన్నెక్కడికి పంపుతారు?' అని తను పోయి దూది కుప్పలో దూరాడు. మళ్ళీ కార్డడిగితే మీ నాన్న గుట్టు బయటపడుతుందని చచ్చినా అడగలేదు."

యజమాని ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"ఇదంతా వెళ్ళి వాళ్ళకి చెబుతావా?"

"ఒక్క ముక్క వదలకుండా చెబుతాను."

"మనల్ని పంపేస్తారమ్మా!"

అమ్మ అప్పటికే వీధిలోకి దిగింది. వెనక్కి చూడకుండానే అంది.

"పంపనీ, అక్కడ నాకు దారులైనా తెలుసు, అన్నయ్య వంతెన అవతల అడుగు పెట్టడం ఇదే మొదటిసారి."